పాత కారులో ఒరిజినల్ ఏసీ: గ్యాస్ పట్టించే ముందు చూడాల్సినవి

పాత కారులో ఏసీ చల్లగా రావట్లేదనగానే ఎవరైనా చెప్పే మొదటి మాట "గ్యాస్ పట్టించండి" అనే. కానీ ఏళ్ల తరబడి మూలన పడున్న సిస్టమ్‌లో గ్యాస్ లేదంటే అది ఎక్కడినుంచో కారిపోయిందని అర్థం. ఆ లీకు మూయకుండా పోసిన కొత్త గ్యాస్ కూడా ఆ దారే పడుతుంది. పైగా గ్యాస్ బయటికి పోయిన సందులోంచే గాలి, తేమ లోపలికి చేరతాయి. తేమ నూనెతో, గ్యాస్‌తో కలిసి యాసిడ్‌గా మారి కంప్రెసర్ లోపలి భాగాలను తినేస్తుంది.

ఒరిజినల్‌గా ఉంచడం అంటే అన్నీ పాతవే ఉంచడం కాదు. కంప్రెసర్, బ్రాకెట్లు, ఎవాపరేటర్ (లోపలి గాలిని చల్లబరిచే కాయిల్) కేసు, డక్టులు, డ్యాష్‌బోర్డు మీది కంట్రోళ్లు కంపెనీవే ఉండాలి. రబ్బరు, డ్రయ్యర్ (తేమను పీల్చే గింజలున్న డబ్బా), నూనె మాత్రం కొత్తవి పడాల్సిందే. వీటిలో దేన్నీ మిగుల్చుకోవాలని చూడొద్దు. అసలు ఇంత కష్టం ఎందుకు, డ్యాష్ కింద బిగించే కొత్త కిట్ పెడితే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. 1960లు, 70ల నాటి పెద్ద కార్లలో ఫ్యాక్టరీ ఎవాపరేటర్, బ్లోయర్, డక్టులు ఎంత పెద్దవో ఒకసారి విప్పి చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అంత గాలి తోసే కిట్లు అరుదు.

ముందు గాలి సంగతి, తర్వాతే గ్యాస్

ఒక్క పైపు కూడా విప్పకముందే తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. మొదటిది హీటర్ వాల్వ్. ఎవాపరేటర్ చల్లబరిచిన గాలి చాలా కార్లలో హీటర్ కోర్ పక్కనుంచే వస్తుంది. వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే వేడినీళ్లు సన్నగా పారుతూనే ఉంటాయి, చల్లబడిన గాలి మళ్లీ వేడెక్కుతుంది. హీటర్ హోస్‌ను హోస్ క్లాంపుతో నొక్కి పట్టి పది నిమిషాలు నడపండి. వెంట్ దగ్గర థర్మామీటర్ గబగబా కిందికి దిగితే తప్పు గ్యాస్‌ది కాదు, వాల్వ్‌ది.

రెండోది తలుపులు. డక్టుల లోపల వేడిగాలిని, చల్లగాలిని కలిపే తలుపుకు అంటించిన ఫోమ్ కాలం గడిచేకొద్దీ పొడిపొడి అవుతుంది. వెంట్లలోంచి నల్లటి ముక్కలు ఎగిరి పడుతున్నాయంటే అదే. తలుపు పూర్తిగా మూసుకున్నట్టు లివర్ చెబుతుంది కానీ అంచుల్లోంచి వేడి వస్తూనే ఉంటుంది. వ్యాక్యూమ్‌తో నడిచే తలుపులైతే ఒక్కో యాక్చుయేటర్‌కు చేతి పంపు తగిలించి 15 నుంచి 20 అంగుళాల (పాదరసం లెక్కన) వ్యాక్యూమ్ పట్టి, నిమిషం సేపు నిలుస్తుందా చూడాలి. ఇంజన్ మీద లోడ్ పడినప్పుడల్లా ముందు వెంట్ల గాలి ఆగి అద్దం వైపు వెళ్లిపోతుంటే, వ్యాక్యూమ్ ట్యాంకో దాని చెక్ వాల్వో పోయినట్టే.

బ్లోయర్ హై స్పీడులో ఉన్నప్పుడు మోటార్ పిన్నుల దగ్గరే వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి మోటార్ దగ్గర 11.5 వస్తే రెండు వోల్టులు కాలిన రిలే కాంటాక్టులోనో, తుప్పు పట్టిన ఎర్త్‌లోనో పోతున్నాయి. మోటార్ మార్చడం దండగ. రెసిస్టర్ ప్లేటు విప్పి ఆ కంతలోంచి టార్చి వేసి ఎవాపరేటర్ ముఖం చూడండి. ఆకులు, దుమ్ము, బొచ్చు తడిసి అట్టలా అంటుకుని ఉంటాయి. కింది డ్రెయిన్ ట్యూబు కూడా వాటితోనే మూసుకుంటుంది. కాళ్ల దగ్గర కార్పెట్ తడిసిందంటే ముందు చూడాల్సింది అక్కడే.

ఇక ముందు వైపు. గ్యాస్‌లోని వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య పేరుకున్న మట్టి గ్రిల్ లోంచి కనపడదు, రెండిటినీ విడదీస్తేనే తెలుస్తుంది. కడిగేటప్పుడు నీళ్లు వెనకనుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. ప్రెషర్ వాషర్ పెడితే ఫిన్నులు పడుకుంటాయి. అంచుల్లో ఉండే ఫోమ్, రబ్బరు పట్టీలు చాలా కార్లలో ఎప్పుడో పోయి ఉంటాయి. అవి లేకపోతే గాలి కండెన్సర్‌లోంచి కాకుండా పక్కసందుల్లోంచి వెళ్తుంది, ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వేడే చుట్టూ తిరిగి ముందుకొస్తుంది. ఫ్యాన్ ష్రౌడ్ ఉండి తీరాలి. బాగా వేడెక్కిన ఇంజన్ ఆపి ఫ్యాన్‌ను చేత్తో తోస్తే మొరాయించాలి. బొంగరంలా తిరిగితే ఫ్యాన్ క్లచ్ పోయింది. దాన్ని వదిలేసి గ్యాస్ మీద ఎంత ఖర్చు పెట్టినా ట్రాఫిక్‌లో చల్లదనం రాదు.

మీ కారులో ఉన్నది ఏ పద్ధతి?

గేజ్ తగిలించేముందు సిస్టమ్ రకం గుర్తుపట్టాలి. లేకపోతే బాగున్న భాగాన్నే పాడైందని తీసేస్తారు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ఎవాపరేటర్‌లోకి ద్రవాన్ని కొలిచి వదిలేది), థర్మోస్టాట్ స్విచ్ ఉన్న సిస్టమ్‌లో కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది. స్విచ్ సన్నటి గొట్టం ఎవాపరేటర్ ఫిన్నుల్లోకి దిగి ఉంటుంది, సున్నాకు కాస్త పైన కంప్రెసర్‌ను ఆపుతుంది. జనరల్ మోటార్స్ 1960ల్లో వాడిన పీఓఏ వాల్వ్ పద్ధతి వేరు. కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, ఎవాపరేటర్‌లో ఒత్తిడి సుమారు 29 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కంటే దిగకుండా ఆ వాల్వ్ పట్టి ఉంచుతుంది. కంప్రెసర్ క్లచ్ (దాన్ని బెల్టుకు కలిపి విడదీసేది) ఆగట్లేదని కంగారుపడి థర్మోస్టాట్ స్విచ్ ఇరికించే మెకానిక్కులు ఉన్నారు. అవసరం లేదు.

పీఓఏ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంటే మొదట బాగా చల్లగా వచ్చి, కాసేపయ్యాక గాలి తగ్గిపోతుంది. కాయిల్ మీద మంచు కట్టి దారి మూసేస్తుంది. కారు ఆపి అరగంట వదిలేస్తే మళ్లీ మామూలే. మూసుకుని ఇరుక్కుంటే చల్లదనమే ఉండదు: కంప్రెసర్ సక్షన్ దగ్గర వ్యాక్యూమ్, వాల్వ్ మీది పోర్టు దగ్గర ఎక్కువ ఒత్తిడి చూపిస్తుంది. అందుకే ఈ రకంలో లో-సైడ్ (తక్కువ ఒత్తిడి వైపు) గేజ్‌ను వాల్వ్ మీదున్న పోర్టుకే పెట్టాలి, ఎవాపరేటర్ ఒత్తిడి చెప్పేది అదే.

ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కు సెన్సింగ్ బల్బ్ (పైపు వేడిని పసిగట్టేది) ఉంటే దాన్ని ఒకసారి తడిమి చూడండి. అది ఎవాపరేటర్ బయటికొచ్చే పైపును శుభ్రమైన లోహం మీద గట్టిగా పట్టుకుని ఉండాలి, పైన నల్లటి జిగురు టేపు చుట్టి ఉండాలి. టేపు ఊడితే బల్బ్ ఇంజన్ వేడిని కొలుస్తుంది. వాల్వ్ అనవసరంగా తెరుచుకుని ఎవాపరేటర్‌ను ద్రవంతో ముంచేస్తుంది. వాల్వ్ మార్చారు గానీ బల్బ్‌కు టేపు చుట్టలేదు, ఇలాంటి పనులు తరచుగా కనిపిస్తాయి.

కంప్రెసర్

ఫ్రిజిడేర్ ఏ6 దాదాపు 15 కిలోల బరువుండే ఆరు సిలిండర్ల యంత్రం. యార్క్ రెండు సిలిండర్లది, కింద నూనె సంప్ ఉంటుంది. శాండెన్ 508 చిన్నది, తేలికైనది. మూడూ మొండివే, లోపల మెకానికల్‌గా పోవడం కంటే షాఫ్ట్ సీల్ కారడమే ఎక్కువ. క్లచ్ హబ్‌ను చేత్తో తిప్పితే నున్నగా, ఒకే తీరుగా తిరగాలి. నూనె ఒక గాజు గ్లాసులోకి ఒంచి ఎంతుందో రాసుకోండి, రంగు చూడండి. లేత పసుపు రంగైతే నిశ్చింత. నల్లగా ఉండి వేళ్ల మధ్య రుద్దితే వెండి పొడిలా మెరిస్తే ఆ కంప్రెసర్ లోపల అరిగింది, ఆ పొడి కండెన్సర్ దాకా చేరింది. అప్పుడు సీల్ ఒక్కటే మార్చి పెట్టడం డబ్బు కాల్చడమే.

సీల్ మార్చేటప్పుడు సెరామిక్ సీటును, కార్బన్ ముఖాన్ని వట్టి వేలితో ముట్టకండి, నూనె రాసి నేరుగా కూర్చోబెట్టండి. ఏ6 కు రెండు పెదవుల కొత్త రకం సీళ్లు దొరుకుతాయి, పాత కార్బన్ సీల్ కంటే అవే నయం. కారు వాడినా వాడకపోయినా నెలకోసారి పది నిమిషాలు ఏసీ నడపమని చెప్పేది ఈ సీల్ కోసమే. నూనె తిరగకపోతే అది ఎండి కారుతుంది.

క్లచ్ కాయిల్ నిరోధం 3 నుంచి 4 ఓమ్‌ల మధ్య ఉండాలి, అంటే 12 వోల్టులకు మూడు నాలుగు ఆంపియర్లు. క్లచ్ ప్లేటుకు, పుల్లీకి మధ్య గ్యాప్ ఫీలర్ గేజ్‌తో కొలవాలి. శాండెన్‌కు 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్లు, జనరల్ మోటార్స్ ఆర్4 కంప్రెసర్‌కు 0.5 నుంచి 1.0. గ్యాప్ పెరిగిన క్లచ్ ఒక వింత పని చేస్తుంది: చల్లగా ఉన్నప్పుడు టక్కున పట్టుకుంటుంది, అరగంట ట్రాఫిక్‌లో నడిచాక కాయిల్ వేడెక్కి లాగలేక వదిలేస్తుంది. గ్యాస్ అయిపోయిందని అనుకుంటారు. ఒక షిమ్ (పలుచని వాషర్) తీస్తే సరిపోయే పని అది.

కడగడం, నూనె, గ్యాస్ ఎంపిక

కండెన్సర్, ఎవాపరేటర్, లోహపు పైపులను ఫ్లషింగ్ సాల్వెంట్‌తో కడిగి, ద్రవం పూర్తిగా ఆరేదాకా పొడి నైట్రోజన్ ఊదాలి. సాల్వెంట్ చుక్క మిగిలినా కొత్త నూనెను పలచన చేస్తుంది. కంప్రెసర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డ్రయ్యర్, మఫ్లర్ ఉన్న హోస్‌లు కడగకూడదు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఇన్లెట్‌లో చిన్న జాలీ ఉంటుంది, అది బయటికి తీసి చూస్తే సిస్టమ్ చరిత్రంతా తెలుస్తుంది: లోహపు పొడి, రబ్బరు నలుసులు, చిట్లిన డ్రయ్యర్‌లోంచి వచ్చిన గింజలు.

ఈ కార్లన్నీ ఆర్-12 అనే పాత గ్యాస్ కోసం తయారైనవి. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత అభివృద్ధి చెందిన దేశాల్లో దాని తయారీ 1995 చివరికి, మిగతా దేశాల్లో 2010కి ఆగిపోయింది. రికవరీ చేసి శుద్ధి చేసిన పాత నిల్వ దొరికితే, సిస్టమ్ లీకు లేకుండా ఉంటే, నా ఓటు ఆర్-12 కే. ఆ కండెన్సర్ కొలత దానికి సరిపోయేలా వేసిందే. దొరకకపోతే దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ. రెండిటికీ తేడా వేడిలో బయటపడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఆర్-12 ఒత్తిడి 30 పీఎస్ఐ, 134ఎ ది 28. కండెన్సర్‌లో 60 డిగ్రీలకు వచ్చేసరికి ఆర్-12 ది 207, 134ఎ ది 229. అంటే హై-సైడ్ (ఎక్కువ ఒత్తిడి వైపు) మీద పది శాతం అదనపు భారం. అందుకే గేర్‌లో నడిచేటప్పుడు బాగానే చల్లబడే కారు సిగ్నల్ దగ్గర ఆగగానే నీరసపడుతుంది. పాత ట్యూబ్-ఫిన్ కండెన్సర్ తీసి అదే కొలతలో ప్యారలల్ ఫ్లో (సన్నటి చదును గొట్టాల) రకం పెట్టి నల్లరంగు వేస్తే గ్రిల్ వెనక ఎవరికీ కనపడదు. 134ఎ కు మారేవాళ్లు ఒరిజినాలిటీ విషయంలో ఈ ఒక్క రాజీ పడటం మంచిది. పీఓఏ వాల్వ్ ఉంటే దాని సెట్టింగ్‌ను రెండు మూడు పీఎస్ఐ దించాలి, లేకపోతే కాయిల్ ఒకటిన్నర డిగ్రీ దాకా వెచ్చగా ఉంటుంది.

నూనె విషయంలో పొరపాటుకు చోటు లేదు. ఆర్-12 కు 525 విస్కాసిటీ మినరల్ ఆయిల్. అది 134ఎ లో కరగదు, ఎవాపరేటర్ అడుగునే నిలిచిపోయి కంప్రెసర్ ఎండిపోతుంది. 134ఎ వేస్తే ఎస్టర్ నూనె వాడండి, మూలల్లో మిగిలిన మినరల్ ఆయిల్‌తో అది సర్దుకుంటుంది. పీఏజీ (మరో రకం సింథటిక్) నూనె పాత సిస్టమ్‌లో వద్దు: ఆర్-12 వదిలిన క్లోరిన్ అవశేషాలతో దానికి పడదు, పైగా డబ్బా మూత తీసి పెడితే గాలిలోని తేమను లాగేస్తుంది. మొత్తం నూనె ఏ6 లోనూ యార్క్‌లోనూ సుమారు 300 మిల్లీలీటర్లు, శాండెన్ 508 లో 175 నుంచి 180. అన్నీ కడిగిన సిస్టమ్ అయితే సగం కంప్రెసర్‌లో, మిగతాది ఎవాపరేటర్ వైపు పోయాలి. కడగకుండా ఒక్కో భాగం మార్చితే ఎవాపరేటర్‌కు 90, కండెన్సర్‌కు 30, డ్రయ్యర్‌కు 30 మిల్లీలీటర్ల లెక్కన కలపడం వాడుక.

డ్రయ్యర్‌లోని గింజలు కూడా గ్యాస్‌ను బట్టి ఉంటాయి. పాత ఎక్స్‌హెచ్-5 రకం ఆర్-12 కు మాత్రమే. ఎక్స్‌హెచ్-7, ఎక్స్‌హెచ్-9 అయితే 134ఎ తోనూ నడుస్తాయి. నేరుగా పోసేయొచ్చని అమ్మే ప్రొపేన్ మిశ్రమాలు మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఎవాపరేటర్ ఉండేది మీ మోకాళ్ల ముందు, అక్కడ కారేది మండే వాయువు.

హోస్‌లు, ఓ-రింగులు

పాత హోస్‌ల రబ్బరులోంచే 134ఎ మెల్లగా జారిపోతుంది. లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోస్ కావాలి. కంపెనీ లోహపు ఎండ్‌లు పారేయకండి, పాత ఫెరూల్ (హోస్‌ను నొక్కి పట్టే లోహపు ఉంగరం) కోసి అవే ఎండ్‌లకు కొత్త హోస్ క్రింప్ చేయించవచ్చు. రూపం మారదు. అయితే 60ల నాటి ఎండ్‌లు కొన్నిటికి పదునైన గాట్లుండి మామూలు స్క్రూ క్లాంపుతో బిగించేలా ఉంటాయి. వాటి మీదికి బ్యారియర్ హోస్ ఎక్కిస్తే ఆ గాట్లు నైలాన్ పొరను కోసేస్తాయి. అక్కడ బీడ్‌లాక్ (క్రింప్ చేసే రకం) ఎండ్ అతికించక తప్పదు.

ఓ-రింగులు హెచ్ఎన్‌బీఆర్ రబ్బరు రకం, కొలత సరిచూసి వేయాలి. వాటికి మినరల్ ఆయిలే రాయండి, 134ఎ సిస్టమ్ అయినా సరే. జాయింట్ విప్పేటప్పుడు, బిగించేటప్పుడు రెండు స్పానర్లు పట్టాలి. ఒకటితో లాగితే అల్యూమినియం పైపు మెలిపడి చిట్లుతుంది. ఫ్లేర్ జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లున్నారు. దాని పోగులు నేరుగా వెళ్లి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జాలీలో పడతాయి.

లీకు పరీక్ష, వ్యాక్యూమ్

రెగ్యులేటర్ పెట్టిన నైట్రోజన్‌తో 150 పీఎస్ఐ దాకా నింపండి. సిలిండర్‌లో రెండువేల పీఎస్ఐకి పైనే ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా ఎప్పుడూ వద్దు. ఆక్సిజన్ అసలే వద్దు: నూనెతో కలిస్తే పేలుతుంది. సబ్బునీళ్లు షాఫ్ట్ సీల్ చుట్టూ, క్రింపుల దగ్గర, సర్వీస్ పోర్టుల వాల్వ్ కోర్ల మీద వేసి ఓపిగ్గా చూడాలి. సన్న లీకులకు నురగ కట్టడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఎవాపరేటర్‌కైతే డ్రెయిన్ ట్యూబు మూతి దగ్గర బుడగ పట్టించి చూడొచ్చు.

రాత్రంతా వదిలేసి పొద్దున గేజ్ చూసి హడలిపోకండి. 30 డిగ్రీల దగ్గర 150 ఉన్నది 20 డిగ్రీలకు 145 అవుతుంది, అది వాయువు లక్షణం. అదే ఉష్ణోగ్రత వచ్చాక మళ్లీ చూసి అప్పుడు తేల్చుకోండి.

డ్రయ్యర్ మూతలు చిట్టచివరే తీయాలి. బిగించిన వెంటనే పంపు పెట్టండి. మేనిఫోల్డ్ గేజ్ ముల్లు 29 అంగుళాలు చూపించగానే పని అయిపోయిందనుకోవడం సాధారణం. కానీ సముద్రమట్టం దగ్గర 29 అంగుళాల్లో నీళ్లు మరిగేది సుమారు 25 డిగ్రీలకు. చల్లటి రోజున లోపలి తేమ కదలదు. 500 మైక్రాన్ల (లోపల మిగిలిన ఒత్తిడి కొలత) దాకా లాగితేనే మైనస్ 20లలో కూడా నీరు ఆవిరవుతుంది. దానికి మైక్రాన్ గేజ్ కావాలి. గంటసేపు నడిపి వాల్వ్ మూసి చూడండి: అంకె కొంత పెరిగి ఆగితే ఇంకా తేమ ఉంది, ఆగకుండా ఎక్కుతూ పోతే లీకు. తేమ అయితే పొడి నైట్రోజన్‌తో వ్యాక్యూమ్ తెంపి, మళ్లీ లాగాలి.

చార్జ్ చేయడం

తూకం తప్ప వేరే దారి లేదు. ఆర్-12 అయితే కారు మీద రాసిన బరువే. 134ఎ కు చాలామంది వాడే లెక్క: ఆర్-12 బరువును 0.9 తో గుణించి పావు పౌండు తీసేయడం. 4 పౌండ్ల సిస్టమ్‌కు 3.35 పౌండ్లు, అంటే సుమారు 1.52 కిలోలు. దానికి కాస్త తక్కువ దగ్గరే ఆపి, ఒత్తిళ్లు చూస్తూ మిగతాది కొద్దికొద్దిగా ఇవ్వండి. సైట్ గ్లాసులో బుడగలు పోయేదాకా నింపడం ఆర్-12 తో నడిచిన పద్ధతి. 134ఎ తో ఆ గాజు పాలలా కనిపించినా చార్జ్ సరిగ్గానే ఉండొచ్చు. దాన్ని నమ్మి నింపితే ఎక్కువైపోతుంది.

ఇంజన్ ఆపి ఉండగా హై-సైడ్ నుంచి కొంత ద్రవం పోశాక, హై-సైడ్ వాల్వ్ మూసేసి కంప్రెసర్ హబ్‌ను చేత్తో పది పన్నెండు సార్లు తిప్పండి. కంప్రెసర్ సిలిండర్‌లో ద్రవం నిలిచి ఉండగా క్లచ్ పట్టిస్తే దాని లోపలి పలుచని రీడ్ వాల్వులు విరుగుతాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు హై-సైడ్ వాల్వ్ పొరపాటున కూడా తెరవొద్దు, ఒత్తిడి వెనక్కి తన్ని క్యాన్ పగులుతుంది. అప్పటినుంచి లో-సైడ్‌లోకి, క్యాన్ నిలబెట్టి, ఆవిరి రూపంలోనే.

తలుపులు తెరిచి, బ్లోయర్ హైలో పెట్టి, 1500 ఆర్‌పీఎం దగ్గర, కండెన్సర్ ముందు ఒక పెద్ద ఫ్యాన్ పెట్టి చూడండి. బయట 35 డిగ్రీలుంటే 134ఎ కు హై-సైడ్ 210 నుంచి 240, లో-సైడ్ 30 నుంచి 40 మధ్య రావాలి. రెండూ తక్కువైతే గ్యాస్ చాల్లేదు. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువైంది, లేదా లోపల గాలి ఉండిపోయింది, లేదా కండెన్సర్‌కు గాలి అందట్లేదు. కండెన్సర్ మీద నీళ్లు చల్లగానే హై-సైడ్ ముల్లు టపటపా దిగి వెంట్ కూడా చల్లబడితే ముందు గాలి సంగతే చూడాలి: ఫ్యాన్, ష్రౌడ్, అంచుల పట్టీలు. లో ఎక్కువగా, హై తక్కువగా ఉండి రెండూ దగ్గరికొస్తే కంప్రెసర్ వాల్వులు పోయాయి. లో-సైడ్ వ్యాక్యూమ్‌లోకి జారితే ఎక్కడో మూసుకుంది. డ్రయ్యర్ దాటగానే పైపు చల్లగా తగిలితే అడ్డం డ్రయ్యర్‌లోనే ఉంది. బాగా చల్లబడి, కాసేపటికి ఆగి, ఆపి పెడితే మళ్లీ మొదలవుతుంటే తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకడుతోంది. డ్రయ్యర్ మార్చి, వ్యాక్యూమ్ నుంచి మళ్లీ మొదలు.

పాత సిస్టమ్‌లలో చాలావాటికి హై-సైడ్ మీద ఉండేది రిలీఫ్ వాల్వ్ ఒక్కటే. ఒత్తిడి పెరిగితే గ్యాసంతా బయటికి వదిలేస్తుంది. 134ఎ కు మారినప్పుడు క్లచ్ వైరులో ఒక హై-ప్రెషర్ కటౌట్ స్విచ్ కలపండి. సర్వీస్ పోర్టులకు కొత్త రకం అడాప్టర్లు బిగించి, ఏ గ్యాస్, ఎంత బరువు, ఏ నూనె, ఏ తేదీన వేశారో బానెట్ కింద లేబుల్ అంటించండి. అది లేకపోతే తర్వాత విప్పే మెకానిక్ పాత పుస్తకం చూసి ఆర్-12 సిస్టమ్ అనే అనుకుంటాడు. రెండు గ్యాసులూ కలిసిన సిస్టమ్‌లో గేజ్ అంకెలకు అర్థం ఉండదు. అలా కలిసిన గ్యాస్‌ను రికవరీ మెషీన్లోకి తీసుకోవడానికి చాలామంది ఒప్పుకోరు కూడా.